గాజులమూల దగ్గర ట్రామ్ తిరిగిన పొద్దు

నల్గొండలో ట్రామ్ నడిచింది.

మీలో ఒక్కరు కూడా నమ్మరని నాకు తెలుసు. నడిచింది ఒక్క పూటే. అదీ సొంత చక్రాల మీద కాదు, ట్రాక్టరు వెనక. కానీ బస్టాండు నుంచి గడియారపు స్తంభం దాకా జనం చూస్తుండగా, చప్పట్లు కొడుతుండగా నడిచింది. నడిపించినవాళ్లు ముగ్గురు, అందులో నేనొకణ్ణి. మిగతా ఇద్దరూ నాకంటే తెలివైనవాళ్లు కాబట్టి ఇలాంటివి రాసుకోరు.

కొత్తగా ఇంజనీరింగు ఉద్యోగాల్లో చేరుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది మీ కోసం. నేను రెండేళ్ల కిందట, యాభై రెండేళ్ల వయసులో, నా అంతట నేనే ఉద్యోగం మానుకున్నాను. రక్తపోటు వల్ల మానుకున్నానని నేనంటాను. రక్తపోటు ఆఫీసుదే తప్ప నాది కాదని మా ఆవిడ అంటుంది. నేను ఏ సంగతి చెప్పినా రెండింతలు చేసి చెబుతానని కూడా ఆవిడే అంటుంది. కాబట్టి కింద కనిపించే పొడవు, వెడల్పు, ఎత్తు, ఎండ, జనం, ఇవన్నీ మీ ఇష్టం వచ్చినంత తగ్గించుకోండి. మనుషులను మాత్రం తగ్గించకండి. వాళ్లు నేను రాసినంత ఉన్నారు.

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు పైనుంచి మా ఆఫీసుకు ఒక ఫైలు వచ్చింది. ఎంత బరువంటే, దాన్ని తెచ్చిన అటెండరు ఆ తర్వాత మూడు రోజులు సెలవు పెట్టాడు. అందులో ఉన్నది ఒక్కటే మాట. జిల్లా కేంద్రాల నడిబొడ్డున ఆధునిక ట్రామ్ వేయొచ్చో లేదో చూడండి. ముందుగా మీ ఊరు చూడండి.

మా పెద్ద సారు అందరినీ పిలిచాడు. పెద్ద సారంటే మా ఆఫీసు పెద్ద ఇంజనీరు. ఆయన మామూలుగా మాట్లాడితే మిర్యాలగూడలో వినిపించేది, కోపంగా మాట్లాడితే కృష్ణ దాటేది. "ట్రామ్ అంటే ఏంది? ఎవరికన్న ఎరుకనా?" అన్నాడు. ఎవరికీ తెలియదు. హైదరాబాదు నుంచి వచ్చిన కన్సల్టెంటు మేడం బొమ్మలు చూపించి చెప్పింది. రోడ్డు మీదనే పట్టాలు పరుస్తారు, పట్టాలు రోడ్డుకు సమానంగా ఉంటాయి, వాటి మీద కరెంటుతో పొడుగాటి పెట్టెలు చప్పుడు లేకుండా పోతుంటాయి, జనం ఎక్కడ పడితే అక్కడ రోడ్డు దాటవచ్చు.

"రైలుకు, దీనికి ఫరక్ ఏంది మేడం?" అని సారు అడిగాడు.

ఆమె నోరు తెరిచే లోపల వెనక నుంచి మా చైన్‌మన్ అందుకున్నాడు. "రైలు దగ్గరికి మనం పోవాలె సార్. ఇదైతే మన దగ్గరికే వస్తది."

చైన్‌మన్ అంటే కొలతలు తీసేటప్పుడు టేపు రెండో కొస పట్టుకునే ఉద్యోగి. ఒకప్పుడు ఇనుప గొలుసుతో కొలిచేవాళ్లు కాబట్టి ఆ పేరు మిగిలింది. ఇరవై ఏళ్ల పాటు నేను ఒక కొస, అతను ఒక కొస. మా ఇద్దరి మధ్యలో నుంచి నల్గొండ జిల్లా సగం దాటిపోయింది. సన్నగా, టేపులాగే ఉండేవాడు. నడుముకు ఎప్పుడూ ఒక పానా వేలాడుతుండేది. చైన్‌మన్‌కు పానాతో ఏం పని అని నేను ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. ఈ కథలో నా మొదటి తప్పు అదే. చివరి తప్పు కూడా అదే.

మూడు నెలలు కొలిచాం. ఆ ఏటి ఎండలకు ఇనుప టేపు సాగి, పొద్దున ఉన్న రోడ్డు మధ్యాహ్నానికి ఇరుకయ్యేది. నేను కొలిచింది మా చైన్‌మన్ గట్టిగా చెబితే, పక్కన బత్తాయి రసం అమ్మేవాడు దాన్ని ఇంకా గట్టిగా చెప్పేవాడు. ఆ చెప్పినదాన్ని ఆటోవాళ్లు స్టాండులో చెప్పుకునేవాళ్లు. సాయంత్రానికి ఊరంతటికీ మా రోడ్డు వెడల్పు తెలిసేది.

అంతా బాగానే జరిగింది, గాజులమూల వచ్చే దాకా.

గాజులమూల అంటే బస్టాండు దిక్కు నుంచి వచ్చే రోడ్డు గడియారం వైపు తిరిగే మలుపు. మలుపుకు ఒక పక్క గాజులవ్వ. ఇంకో పక్క మా ఆఫీసు. గాజులవ్వది ఒక కర్ర పెట్టె, నీడకు కట్టిన ఒక నీలం తాడిపత్రి, ఒక పీట. ముప్పై ఏళ్లుగా అక్కడే కూర్చుంది. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లికూతురు గాజులంటే ఆమె చేత్తో తొడిగినవే. చేతిని అలా పట్టుకొని, బొటనవేలి కింద చిన్నగా నొక్కి, మాటల్లో పెట్టి, మీరు నవ్వే లోపల డజను ఎక్కించేది. మా ఆవిడ చేతికీ ఆమే తొడిగింది. నా చెల్లెళ్లకూ ఆమే. ఆమెను అడిగితే మా ఆఫీసులో ఎవరింట్లో ఎవరి చెయ్యి సైజు ఎంతో చెప్పేది.

ఇటువైపు మా ఆఫీసు. ఆఫీసు ప్రహరీ బయట, రోడ్డు జాగాలోకి ముందుకు జరిగి, పెద్ద సారు కారు కోసం ఒక రేకుల షెడ్డు. అది వేసి పదేళ్లు. దాని కింద సారు కారు పక్కనే, నీడ పట్టున, నా స్కూటరు కూడా ఉండేది.

కొలతల డ్రాయింగులో ఒక పద్ధతి ఉంది. రోడ్డు మీద కనిపించే ప్రతి దానికీ పక్కన ఒక మాట రాయాలి. తీసేయగలిగినది అయితే 'తాత్కాలికం'. కదిలించలేనిది అయితే 'శాశ్వతం'. ఆ మాట ఏది రాయాలో ఎవరూ చెప్పరు. టేపు పట్టుకున్నవాడి చేతిలోనే ఉంటుంది. నేను ముప్పై ఏళ్ల గాజులవ్వ పక్కన 'తాత్కాలికం' అని రాశాను. పదేళ్ల రేకుల షెడ్డు పక్కన 'శాశ్వతం' అని రాశాను. ఎవరో బలవంతం చేసి రాయించలేదు. చెయ్యి అలవాటుగా రాసింది. స్కూటరు నీడలో ఉన్నవాడి చెయ్యి అలాగే రాస్తుంది.

కన్సల్టెంటు మేడం కంప్యూటరులో ఆ డ్రాయింగు పెట్టి, పట్టాల గీత గీసింది. పొడుగాటి ట్రామ్ మలుపు తిరిగేటప్పుడు దాని నడుము లోపలికి జరుగుతుంది, తోక బయటికి ఊగుతుంది. దానికి జాగా కావాలి. షెడ్డు శాశ్వతం కాబట్టి గీత దాన్ని తప్పించుకుని అవతలికి జరిగింది. జరిగి జరిగి సరిగ్గా గాజులవ్వ పీట మీద నుంచి పోయింది.

ఆమెకు చెప్పే పని నాకు పడింది. మెడికల్ కాలేజీ దాటాక, ఊరవతల, కొత్తగా కట్టిన దుకాణాల వరుసలో ఒకటి ఇస్తారని చెప్పాను. గోడలుంటాయి, షట్టరుంటుంది, ఫ్యాను కూడా ఉంటుంది అన్నాను.

ఆమె గాజుల కట్ట సర్దడం ఆపలేదు. "ఫ్యాను కింద కూసుంటే గాజులెవలు కొంటరు బిడ్డా? గాడికి మనిషనేటోడు వస్తడా?"

"వస్తారు అవ్వా, ఊరు పెరుగుతాంది కదా."

"పెరిగినంక పోత. ఇప్పుడెందుకు?"

"ఇక్కడ ట్రామ్ తిరగాలె. జాగా చాలది."

అప్పుడు తల ఎత్తి చూసింది. "ఏమన్నవ్? ఈడ తిర్గదా? ఏడాదికొకపారి అంత ఎత్తు ఇనాయకుడు తిర్గుతడు. ముందట ట్రాక్టరు, ఎన్క ట్రాలీ, దాని ఎన్క బ్యాండోల్ల బండి. నా గాజు ఒక్కటన్న పలుగలె. దేవుడు తిర్గంగ లేంది, నీ రైలు తిర్గదా?"

నేను నవ్వాను. టెక్నికల్ విషయాలు పెద్దవాళ్లకు అర్థం కావని నాకు అప్పటికి గట్టి నమ్మకం. ఆమె నవ్వలేదు. "నన్ను లేపితే నేనేడ కూసుంట?" అని ఒక్కటే మాట అంది. డ్రాయింగులో ఆ ప్రశ్నకు గడి లేదు.

నా పక్కనే టేపు చుట్టుకుంటున్న చైన్‌మన్ ఏదో అనబోయి, నా మొహం చూసి ఊరుకున్నాడు.

పై ఆఫీసర్లు మలుపు చూడటానికి వస్తున్నామన్నారు. కంప్యూటరులో చూపిస్తే వాళ్లకు నిద్ర వస్తుందని, నిజం సైజులో ఒక బొమ్మ ట్రామ్ చేసి గీత మీద నడిపిద్దామని కన్సల్టెంటు మేడం అంది. అనడం ఆమె చేసిన పని. తర్వాత జరిగింది నల్గొండ చేసిన పని.

మూడు ట్రాలీలు ఒకదాని వెనక ఒకటి తగిలించాం. నిజం ట్రామ్ కూడా మూడు పెట్టెలే, మధ్యలో వంగుతుంది. వెదురు బొంగులతో చట్రం కట్టాం. చుట్టూ గుడ్డ కావాలి. మామూలు షామియానా గుడ్డ వేస్తే ట్రామ్ కాదు, పెళ్లి పందిరి అవుతుందని సారు గర్జించాడు. పోచంపల్లి నుంచి ఒక నేతాయన బట్టల మూట నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఆ చట్రాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి చూసి, వెనక్కి వచ్చి, నెమ్మదిగా అడిగాడు.

"ఇంత పొడుగు చీర కట్టేటామె ఏడుంటది సార్?"

ఎర్రటి పోగుల మీద తెల్లటి వంకీల గుడ్డ చుట్టారు. కిటికీల జాగాలో గుండ్రంగా కత్తిరించారు. నేను చూసినంత వరకు ప్రపంచంలో అంత అందమైన ట్రామ్ మరొకటి లేదు. నేను చూసింది అదొక్కటే అనుకోండి, అది వేరే విషయం. సారు పట్టుపట్టి లారీ హారను పెట్టించాడు. అది మోగితే ఊరి పక్క గుట్ట మీద నుంచి మళ్లీ మోగేది.

ట్రాక్టరు ఎవరు నడపాలి? "నేను తోల్త సార్" అన్నాడు చైన్‌మన్. అతనికి ట్రాక్టరు వచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఇరవై ఏళ్ల స్నేహం మాది!

ముందు రోజు పొద్దుగూకే వేళకు, పట్టాలు ఉండాల్సిన చోట రోడ్డు పొడవునా సున్నం పొడితో రెండు గీతలు పోశాం. నా జీవితంలో అంత తిన్నని గీతలు ఎన్నడూ గీయలేదు. చూసి చూసి నాకే కళ్లు చెమ్మగిల్లాయి. ఇంటికి పోయి హాయిగా పడుకున్నాను.

తెల్లవారి ఏడింటికి వచ్చి చూస్తే గీతలు లేవు.

ఆ దారి పొడవునా ముందర దుకాణాలు, వెనక ఇళ్లు. ప్రతి ఆడమనిషీ రోజూలాగే పొద్దున్నే లేచి, రోజూలాగే తన వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లింది. మా పట్టాలు మురికి కాలువలో కలిసిపోయాయి. వాటి జాగాలో రంగురంగుల ముగ్గులు. కొన్ని చోట్ల మధ్యలో బంతి పూలు కూడా పెట్టారు. ఊరి ముగ్గులన్నీ కలిపితే హైదరాబాదు దాకా దారి అయ్యేది.

"ఇదేంది అక్కా?" అని ఒకామెను పట్టుకుని ఏడుపు గొంతుతో అడిగాను.

"నేనే అడుగుదామనుకున్న సార్" అంది ఆమె. "ఎవలో గానీ రెండంటే రెండు గీతలు గీసి పోయిండ్రు. సగం ముగ్గు వాకిట్ల ఉంచుతరా? కడిగి, మొత్తం ఏసిన. మంచిగున్నదా?"

మంచిగానే ఉంది. పద్మాల ముగ్గు.

మళ్లీ గీతలు పోసే టైము లేదు. పై ఆఫీసర్ల కార్లు గడియారం దాటాయి. బస్టాండు నుంచి మలుపు దాకా జనం. మేడల మీద జనం. కరెంటు స్తంభం మీద కూడా ఒకాయన ఉన్నాడు, ఎవరని అడిగితే లైన్‌మన్ అట, డ్యూటీలో ఉన్నాడట. మా ట్రామ్ హారను కొట్టి కదిలింది. ఆడవాళ్లు ముగ్గులు తొక్కకుండా జరిగి నిలబడ్డారు. ట్రామ్ కూడా ముగ్గులను రెండు చక్రాల మధ్యలోకి తీసుకుని, తొక్కకుండానే పోతుంది. చైన్‌మన్ అలా తోలుతున్నాడు. నేను పక్కన పరుగెత్తుతున్నాను. బత్తాయి రసం అతను గ్లాసు పట్టుకుని నాతో పాటు పరుగెత్తి, "సార్, టికెటు ఎంత?" అంటున్నాడు.

గాజులమూల వచ్చింది.

గాజులవ్వ పీట మీదనే ఉంది. ముందు రోజు పోలీసాయన వచ్చి లేవమన్నా లేవలేదు. కొత్త చీర కట్టుకుంది. పెట్టె మూత తెరిచి, గాజులన్నీ వరుసగా పెట్టుకుని, ఎదురుగా వస్తున్న తొంభై అడుగుల ట్రామ్ వైపు చూస్తూ కూర్చుంది. గీత ఉంటే ఆ గీత ఆమె మీద నుంచి పోవాలి. గీత లేదు. ఇటువైపు షెడ్డు. అటువైపు అవ్వ. మధ్యలో ట్రామ్‌కు చాలని రోడ్డు.

ట్రామ్ ఆగింది. మూడు ట్రాలీలు తగిలించిన బండి వెనక్కి పోదు. వెనక ఊరంతా ఉంది. ముందర అవ్వ.

చైన్‌మన్ సీటు మీద నుంచి వంగి, అందరికీ వినపడేలా అడిగాడు. "సార్, ఇనాయకుణ్ణి తిప్పినట్టు తిప్పన్నా?"

నాకు అర్థం కాలేదు. ప్రతి ఏడూ వినాయక చవితి వచ్చిందంటే నిమజ్జనం అయ్యేదాకా నేను హుజూర్‌నగర్‌లో మా అత్తగారింట్లో ఉంటాను. అక్కడి వంట అలాంటిది. మా ఊరి నిమజ్జనం ఒక్కసారి కూడా చూడలేదు. పక్కన పెద్ద సారు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఏదో ఆయనకు తెలుసు, నాకు తెలియదు. అవ్వ నా వైపే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. 'నన్ను లేపితే నేనేడ కూసుంట' అన్న మాటే ఉంది.

"తిప్పు" అన్నాను.

దీన్ని ధైర్యం అనుకోకండి. వెనక్కి పోయే దారి లేనప్పుడు మనిషి నోటి నుంచి వచ్చే మాట అది.

చైన్‌మన్ దిగాడు. నడుము నుంచి పానా తీశాడు. తిన్నగా షెడ్డు దగ్గరికి పోయాడు. మూల స్తంభం మొదట్లో రెండు బోల్టులు, మీద రెండు బోల్టులు విప్పాడు. సారు కారు డ్రైవరు ఎవరూ చెప్పకుండానే కారును, నా స్కూటరును పక్కకు జరిపి, వచ్చి రేకు కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి స్తంభాన్ని పక్కన పడుకోబెట్టి, రేకును పుస్తకం పేజీలాగా వెనక్కి మడిచారు. నేను నోరు మూసే లోపలే పని అయిపోయింది. జనంలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ప్రతి ఏడూ చూసేదే. ఆశ్చర్యపోయింది ఊళ్లో నేనొక్కణ్ణే.

చైన్‌మన్ మళ్లీ ఎక్కి, మా ఆఫీసు వైపుకు బాగా తీసుకుని, అక్కడి నుంచి నిదానంగా తిప్పాడు. మొదటి పెట్టె తిరిగింది. రెండోది వంగింది. మూడోది తోక ఊపింది. ఆ గుడ్డ అంచు గాజులవ్వ నీలం తాడిపత్రిని ముట్టలేదు. గాజులు చిన్నగా గలగలమన్నాయి, అంతే.

చప్పట్లు. ఈలలు. హారను. గుట్ట మీద నుంచి మళ్లీ హారను.

కన్సల్టెంటు మేడం అప్పటికే రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుని చక్రాల జాడలు కొలుస్తోంది. లేచి, డ్రాయింగు విప్పి, ఒకసారి దాని వైపు, ఒకసారి మడిచిన రేకు వైపు చూసింది. "సర్, ఇలాగైతే నేను గీసినదాని కంటే మలుపు ఇంకా మెత్తగా వస్తుంది. అవ్వను కదిలించే పనే లేదు" అంది. తర్వాత అడగకూడనిది అడిగింది. "నాలుగు బోల్టుల షెడ్డును 'శాశ్వతం' అని ఎవరు రాశారు?"

పై ఆఫీసర్లు నా వైపు చూశారు. పెద్ద సారు నా వైపు చూశాడు. బత్తాయి రసం అతను కూడా చూశాడు.

"నేనే" అన్నాను. "షెడ్డు కింద నా స్కూటరు ఉంటది మేడం."

అప్పుడు పెద్ద సారు నవ్వాడు. ఆ నవ్వుకు దేవరకొండలో కుక్కలు మొరిగి ఉంటాయి. "నీ స్కూటరేందయ్యా, నా కారు పదేండ్ల సంది శాశ్వతంగ చల్లగున్నది" అన్నాడు. ఆయన నవ్విన తర్వాత పై ఆఫీసర్లకు నవ్వక తప్పలేదు.

చైన్‌మన్‌ను పక్కకు లాగి అడిగాను. "మూడు నెలలు నాతోనే ఉంటివి గదనయ్యా. నీకెరుక ఉండె గద. ఎందుకు చెప్పలే?"

"నువ్వు కొల్తలు చెప్పమన్నవ్ సార్, చెప్పిన. గిది అడిగినవా?"

"నేను అడగకుంటే నువ్వు చెప్పొద్దా?"

"చెప్పబోయిన. నువ్వు అవ్వ మాటకు నవ్వుతున్నవ్. ఇగ నా మాటకేం జేస్తవో అనుకున్న."

ఆ పానా సంగతి అప్పుడు అర్థమైంది. పండగ బండి తోలేది అతనే, షెడ్డు విప్పేది అతనే, మర్నాడు బిగించేదీ అతనే. నా టేపు రెండో కొసన, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఆ మలుపు మొత్తం ఒక మనిషి రూపంలో నిలబడి ఉంది. నేను దాన్ని మూడు నెలలు అంగుళాల్లో కొలిచాను.

మేడం గాజులవ్వను ట్రామ్ ఎక్కమని పిలిచింది. "మొదటి ప్యాసింజరు మీరే" అంది.

"నా పెట్టె ఎవలు చూస్తరు?" అంది అవ్వ.

"నేను చూస్త పో" అన్నాడు పెద్ద సారు.

అలా గాజులవ్వ పోచంపల్లి కిటికీలో నుంచి తల బయట పెట్టి, వాకిళ్లలో ఉన్న ప్రతి ఆడమనిషినీ పేరు పెట్టి పిలుస్తూ, గడియారం దాకా ఊరేగింది. నేను పక్కనే కూర్చున్నాను. "మంచిగుందా అవ్వా?" అన్నాను. "ఊగుతాంది బిడ్డా. గానీ మంచిగుంది. మోరి కాల్వల పడకుంటె చాలు" అంది.

తిరిగి వచ్చే సరికి పీట మీద మా పెద్ద సారు కూర్చుని ఉన్నాడు. చెమటతో తడిసిపోయి ఉన్నాడు. ఎదురుగా ఇద్దరు ఆడవాళ్లు చేతులు చాచి నిలబడ్డారు. "తొడగాలె గద సార్, ఊకె ఇస్తే ఎట్ల?" అని ఒకామె నిలదీస్తోంది. అంత పెద్ద గొంతు ఆయన ఎక్కడ పోగొట్టుకున్నాడో గానీ, "మా అవ్వ వస్తది, జర ఆగమ్మా" అని గొణుగుతున్నాడు. చుట్టూ మూడు పగిలిన గాజులు. అవ్వ దిగి, ఆయన్ను పక్కకు జరిపి, మూడు నిమిషాల్లో ఇద్దరికీ తొడిగి పంపింది. "సారుకు చెయ్యి రాదు, తిట్టకుండ్రి" అని కూడా చెప్పింది.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో సారు డ్రాయింగు టేబులు మీద పరిచి, నాకు పెన్ను ఇచ్చాడు. "నువ్వు రాసినవ్. నువ్వే దిద్దు." షెడ్డు పక్కన 'శాశ్వతం' కొట్టేసి 'తాత్కాలికం' అని రాశాను. అవతలి వైపు గాజుల పెట్టె పక్కన 'తాత్కాలికం' కొట్టేశాను. మేడం అక్కడ ట్రామ్ ఆగే చోటు పెడదామంది, ఆగే చోటుకు నీడ ఉంటుంది, నీడలో అవ్వ ఉంటుంది. నేను 'శాశ్వతం' అని రాశాను. సారు సంతకం చేశాడు, ముద్ర వేశాడు. ఒక నకలు అవ్వకు ఇచ్చాను. ఆమెకు చదువు రాదు. ఆ ఒక్క మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించాను. ఆ జాగాను గుర్తు పెట్టుకుంది.

ట్రామ్ ఫైలు హైదరాబాదు పోయింది. పోయేటప్పుడు ఎంత బరువుందో, వచ్చేటప్పుడు అంతకంటే బరువుగా ఉంటుందేమో, ఇంకా అక్కడి ఆఫీసుల మెట్లెక్కుతూనే ఉంది. ఆ మధ్య ఒకసారి అడిగితే పరిశీలనలో ఉందన్నారు. వెదురు బొంగులు ఎవరి పందిట్లోకో పోయాయి. గుడ్డ మాత్రం నేతాయన వెనక్కి తీసుకుపోయి, కిటికీల జాగాలు తప్పించి దుప్పట్లు కుట్టించాడట. ఊళ్లో కొందరు ట్రామ్ కప్పుకుని పడుకుంటున్నారన్న మాట.

కానీ ఆ డ్రాయింగు ఊరుకోలేదు. రెండేళ్ల తర్వాత రోడ్డు వెడల్పు పని వచ్చింది. వేరే ఆఫీసు, వేరే కొలతలవాళ్లు, కొత్త టేపు. అవ్వ దగ్గరికి వచ్చి లేవమన్నారు. ఆమె పెట్టె అడుగు నుంచి ప్లాస్టిక్కు అతికించిన కాగితం ఒకటి తీసి, ఒక చోట వేలు పెట్టి, "గీడ చదువు" అందట. వాళ్లు చదివారట. సంతకం చూశారట, ముద్ర చూశారట. కాసేపు తమలో తాము మాట్లాడుకుని, రోడ్డును ఇటు జరిపి, మా షెడ్డు తీసేశారు. ఈసారి నాలుగు బోల్టులు కాదు, మొత్తం. అప్పటికి పెద్ద సారు రిటైరయ్యాడు. ఫోన్‌లో చెబితే, "మంచి పని అయింది, గా మూల నాకెప్పుడు ఇరుకనే అనిపిస్తుండె" అన్నాడు. ఆ మాట ఫోన్ లేకున్నా వినిపించేది.

ఇప్పుడు ఆటోవాళ్లు ఆ మలుపును 'ట్రామ్ స్టాప్' అంటున్నారు. "ట్రామ్ స్టాప్, ట్రామ్ స్టాప్, ఇద్దరు!" అని అరుస్తారు. కొత్తగా ఊరికి వచ్చినవాళ్లు ట్రామ్ ఏదని చుట్టూ వెతుక్కుంటారు. మా చైన్‌మన్ ఇంకా ఉద్యోగంలో ఉన్నాడు, పానా కూడా ఉంది. నేను మాత్రం కిందటేడు హుజూర్‌నగర్ పోలేదు. నిమజ్జనం రోజు మలుపు దగ్గర నిలబడి చూశాను. అతను వినాయకుణ్ణి తిప్పాడు. తిప్పుతూ, నన్ను చూసి, హారను కొట్టాడు.

మొన్న మా ఆవిడకు గాజులు తీసుకుందామని పోయాను. సైజు చెప్పే పని లేదు, అవ్వకు గుర్తుంది. చూపు కొంచెం తగ్గింది కానీ చెయ్యి తగ్గలేదు. గాజులు కాగితంలో చుట్టి ఇస్తూ అడిగింది.

"ఏడిదాంక వచ్చింది సారు నీ రైలు?"

"వస్తాంది అవ్వా. ఇంకా కొన్నేండ్లు పట్టేటట్టుంది."

ఆమె పీట మీద కాళ్లు సర్దుకుని, తాడిపత్రి కింద నుంచి రోడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

"రానీ తియ్, నిమ్మలంగ రానీ" అంది. "నేనేడికి పోత? ఈడ్నె ఉంట గద."